వెల చెప్పే జిగురు గీత

మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో ఇంటి పెద్దాయన పోయాక పిల్లలు ఆయన సామానంతా అమ్మకానికి పెడతారు. ఎస్టేట్ సేల్ అంటారు దాన్ని. గ్యారేజీలో చేపల గాలాలు, రంపాలు, మంచు తోసే పారల మధ్య ఒక్కోసారి పొడుగాటి గుడ్డసంచి ఒకటి గోడకి ఆనించి ఉంటుంది. లోపల అయిదడుగుల చెక్క విల్లు. నారి విప్పి ఉంటే దాని చివర్లు మనం అనుకునే వైపుకి కాక, అవతలికి తిరిగి ఉంటాయి. ఇలాంటి విల్లుని రికర్వ్ అంటారు. అమ్మేవాళ్ళకి దాని సంగతి తెలియదు. మీద అంటించిన చీటీలో నలభై డాలర్లని ఉండొచ్చు, నాలుగు వందలని ఉండొచ్చు. రెండూ తప్పు కావచ్చు.

అది బేర్ కంపెనీ చేసిన కోడియాక్ అనుకుందాం. వేట రికర్వులలో దాన్ని మించి పేరుపడ్డది లేదు. దానికి వెల కట్టాలంటే ముందు పేరు చూస్తారు చాలామంది, తర్వాత ఏడాది చూస్తారు. నేను ముందు జిగురు చూడమంటాను. ఆ విల్లులో వెల పెరిగే చోట్లూ తరిగే చోట్లూ అన్నీ అరవై ఏళ్ళ కిందట ఒక పనివాడు జాగ్రత్తపడ్డ చోట్లే. ఎలా చేశారో తెలిస్తే ఎంతివ్వాలో దానంతటదే తెలుస్తుంది.

ఎలా చేశారో చూద్దాం. పిడి ఉన్న నడిమి భాగాన్ని రైజర్ అంటారు. దానికి పైనా కిందా వంగే భాగాలు లింబులు. లింబు ఒకే చెక్క కాదు. నడుమ పలచని మేపుల్ చెక్క బద్దలు, వాటికి లక్ష్యం వైపు ఒకటి, విలుకాడి వైపు ఒకటి ఫైబర్‌గ్లాస్ పొరలు. విల్లు వంగినప్పుడు లక్ష్యం వైపు పొర సాగుతుంది, విలుకాడి వైపు పొర నలుగుతుంది. ఆ రెండు పనులూ గాజు నారలవి. నడుమ మేపుల్ చెక్క ఆ రెంటినీ దూరంగా పట్టి ఉంచుతుంది, ఒకదాని మీద ఒకటి జారకుండా ఆపుతుంది. పూర్వం తురుష్కులు, మంగోలులు, మన దగ్గర మొఘలులు వాడిన విల్లుల్లో ఇదే ఏర్పాటు. సాగే వైపు జంతువుల నరాలు, నలిగే వైపు కొమ్ము, నడుమ చెక్క. ఆ విల్లు ఆరి సిద్ధమవడానికి నెలలు పట్టేది, తడి తగిలితే పాడయ్యేది. 1950లలో అమెరికా వాళ్ళు చేసిందల్లా నరాలూ కొమ్మూ తీసేసి వాటి స్థానంలో గాజు పెట్టడం. చెప్పినంత సులువు కాదది.

ఫ్రెడ్ బేర్ 1902లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. డెట్రాయిట్‌కి వచ్చి ప్యాకార్డ్ కార్ల కంపెనీలో ప్యాటర్న్ మేకర్‌గా పనిచేశాడు. పోత పోసే ఇనుప భాగాలకి ముందుగా చెక్కతో నమూనా చెక్కే పని అది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ నమూనా పనికిరాదు. 1933లో మొదలైన బేర్ ప్రాడక్ట్స్ కంపెనీకి మొదట్లో అన్నం పెట్టింది విల్లులు కాదు, కార్ల కంపెనీల ప్రకటనల కోసం చేసిన సిల్క్‌స్క్రీన్ అచ్చుపని. 1947లో మిషిగన్ ఉత్తరాన గ్రేలింగ్ అనే చిన్న ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టారు. అంతకుముందు నెల్స్ గ్రమ్లీ అనే పనివాడు ఒక్కొక్క విల్లునీ చేత్తో చెక్కి దాని మీద తన పేరు రాసుకునేవాడు. ఆ సంతకమున్న విల్లు దొరికితే దాని లెక్క వేరు, దాన్ని పక్కన పెడదాం. గ్రేలింగ్‌లో ఫ్రెడ్ బేర్‌కి కావలసింది వేరు. రోజుకి వందల విల్లులు తయారవ్వాలి, ప్రతిదీ గ్రమ్లీ చెక్కినట్టే ఉండాలి.

మొదట లింబులో అల్యూమినియం రేకు వేసి చూశారు. అది చెక్కతో సరిగ్గా కలిసి వంగలేదు, జిగురు వదిలేది. తర్వాత గాజు నారలన్నీ ఒకే దిక్కున, లింబు పొడుగునా పరిచిన ఫైబర్‌గ్లాస్ వచ్చింది. అడ్డనేత లేదు. బలమంతా సాగే దిక్కులోనే ఉంది. పొర మందం ఒక మిల్లీమీటరు చుట్టుపక్కల. బద్దలని పిడి దగ్గర మందంగా, చివరికి పోయేకొద్దీ పలచగా వచ్చేలా సానపట్టారు. ఆ పలచబడటం అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతుల లెక్క. అచ్చులో పెట్టి, జిగురు పూసి, వేడి చేసి బిగించేవారు. బద్ద బిరుసు దాని మందానికి ఘనంగా పెరుగుతుంది, అంటే మందం రెట్టింపైతే బిరుసు ఎనిమిది రెట్లు. కాబట్టి మొత్తం మందంలో కాగితమంత తేడా వచ్చినా విల్లు బలం కొన్ని పౌండ్లు మారిపోతుంది. 45 పౌండ్లని రాసిన విల్లు నిజంగా 45 దగ్గరే తూగిందంటే, ఆ రోజు సానబండ దగ్గరున్న మనిషి ఎంత నికార్సైన పనివాడో అర్థం చేసుకోవచ్చు.

విల్లు చివర్ల వంపుకి కూడా ఓ కారణముంది. నారి కట్టినప్పుడు అది లింబు చివరి భాగం మీద కొంతమేర ఆని ఉంటుంది. లాగే కొద్దీ అక్కణ్ణుంచి లేస్తుంది. లేచేకొద్దీ ఆ చివర్లు మీటల్లా పనిచేసి లాగడం తేలికపరుస్తాయి. తిన్నటి విల్లు ఆఖరి అంగుళాల్లో ఒక్కసారిగా బిగుసుకుంటుంది, రికర్వ్ అలా బిగుసుకోదు. అంతకుముందు కాలపు రికర్వులలో చివర్లు కదలని కొక్కేల్లా ఉండేవి. 1950ల నడుమకి వచ్చిన కోడియాక్‌లో ఆ వంపు కూడా తెరుచుకుంటూ పనిచేస్తుంది. చూడటానికి అందంగా ఉండేదీ అదే, ముందుగా మెలికపడేదీ అదే.

ఇప్పుడు విల్లు చేతిలోకి తీసుకుందాం. నారి వద్దు. పట్టుచీర కొనేవాళ్ళు ముందు జరీ వెనక్కి తిప్పి చూసినట్టు, ముందు లింబుల అంచులు చూడాలి. పక్కనుంచి చూస్తే గాజు, చెక్క, గాజు పొరలు గీతల్లా కనిపిస్తాయి. వాటి మధ్య జిగురు గీతలు పిడి దగ్గర్నుంచి చివరిదాకా ఒకే మందంతో, తెగకుండా సాగాలి. నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసేది దాన్నే. మంచి కోడియాక్‌లో ఆ జిగురు గీత పెన్సిలు గీత కంటే సన్నగా, ఒక్కచోటైనా ఉబ్బకుండా ఉంటుంది. రైజర్ చెక్క సన్నబడి లింబులో కలిసిపోయే చోటు మరీ ముఖ్యం. ఆ కొసని వీలైనంత పలచగా సానపట్టి అతికించారు. ఎక్కడ రైజర్ అయిపోయి ఎక్కడ లింబు మొదలైందో వేలికి తెలియకూడదు. విల్లు విడిపోతే మొదట విడిపోయేది అక్కడే. గీతలో నల్లటి సందు కనిపించినా, వెలుగుకి పట్టినప్పుడు పొర కింద తెల్లటి మచ్చ పాకినట్టున్నా, పొరలు వదిలాయని అర్థం. అలాంటి విల్లుకి గోడకి తగిలించుకునే అలంకారపు వెలే తప్ప మరోటి లేదు. ఎవరెంత చెప్పినా సరే.

తర్వాత ఒక దూది ఉండ. దాన్ని లింబు మొత్తం మీద, అంచుల మీద నెమ్మదిగా రాయాలి. కంటికి ఆనని పగులు దగ్గర పోగు చిక్కుకుంటుంది. కొందరు పాత నైలాన్ మేజోడు వాడతారు. ఇక గీతలు చూడాలి. ముదురు రంగు గాజు మీద లింబు పొడుగునా వెంట్రుకల్లాంటి తెల్లగీతలు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. వేల సార్లు వంగిన పాత గాజుకి వచ్చే వయసు గీతలవి, చాలావరకు ఏమీ కాదు. గోరు పెట్టి గీరితే గోరు జారిపోవాలి. పైన పూసిన వార్నిష్ మాత్రమే సాలెగూడులా పగిలి ఉంటే అదీ పర్వాలేదు. అదే గీత అడ్డంగా ఉండి, గోరు ఆగిందంటే మాత్రం విల్లుని సంచిలో పెట్టెయ్యాలి. అక్కడ గాజు నారలే తెగాయి. లాగినప్పుడు అది మన మొహం దగ్గరే విరుగుతుంది.

వింటి కొప్పులు, అంటే నారి తగిలించే చివర్లు, వేరే సంగతి. కోడియాక్‌లో వాటి మీద రెండు మూడు రంగుల పలచని పొరలు వేసి, వాటిని కోసి, గుండ్రంగా సానపట్టారు. కోతలో ఆ పొరలు నెలవంకల్లా బయటపడతాయి. అది అలంకారం కోసమే అనుకుంటాం గానీ, నారి రోజూ కోసే చోట చెక్కకి కవచం అది. గాడి లోపల అంచు పదునుగా ఉంటే నారి తెగుతుంది కనుక దాన్ని వేలికి తగలనంత నున్నగా చేశారు. ఫ్యాక్టరీలో రోజుకి వందల కొప్పులు ఇలా చేసిన మనుషులున్నారంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. కొప్పు ఒకవైపు చితికిందా, పొర లేచిందా చూడండి. దీన్ని తెలిసినవాళ్ళు బాగు చేయగలరు, అయితే వెలలో తగ్గించుకోవాలి.

ఆ తర్వాతే నారి. స్ట్రింగర్ అనే తాడుతో మాత్రమే ఎక్కుపెట్టాలి. విల్లుని కాళ్ళ మధ్య దూర్చి తొడకి ఆనించి వంచే పద్ధతి ఆ రోజుల్లో చాలామంది చేసేవారు. ఇవాళ మనకి కనిపించే మెలికల్లో చాలా వాటికి కారణం ఆ పద్ధతే. ఎక్కుపెట్టాక కొప్పు కింద కన్ను పెట్టి నారి వెంట చూడాలి. నారి రెండు లింబుల నడుమ గుండా, పిడి నడుమ గుండా పోవాలి. ఓ చివర పక్కకి వాలి ఉంటే లింబు తిరిగినట్టు. కొద్దిగా తిరిగితే వేడి నీళ్ళతో వేడెక్కించి, చేతులతో ఎదురు దిక్కుకి తిప్పి, కొంతసేపు పట్టుకుంటే సర్దుకుంటుంది, ఒకటికి రెండుసార్లు చేయాలి. గాడిలోంచి నారి జారిపోయేంతగా తిరిగితే ఆశ వదులుకోవచ్చు. ఇంకొకటి, లింబు పుట్టే చోటు నుంచి నారికి ఎంత దూరమో పైనా కిందా కొలవాలి. పైది కిందిదానికంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ ఉండటం సహజమే, ఎందుకంటే విలుకాడి చేయి విల్లు నడుమ కాక కాస్త కిందగా ఉంటుంది. ఆ తేడా తలకిందులై, కింది దూరం చాలా ఎక్కువైతే ఎక్కడో లింబు అలిసిపోయింది. అన్నట్టు, ఎవరు అడిగినా బాణం లేకుండా నారి లాగి వదలకండి. బాణానికి పోవాల్సిన శక్తంతా లింబుల్లోకి తిరిగొచ్చి, అన్నేళ్ళు నిలిచిన జిగురు ఒక్క దెబ్బకి వదులుతుంది.

ఇక రాతలు. పిడి పక్కన సిరాతో పొడుగు, బలం, నంబరు రాసి ఉంటాయి. బలం 28 అంగుళాలు లాగినప్పటిది. మన చేతులు పొట్టివైతే ఒక్కో అంగుళానికి రెండు మూడు పౌండ్లు తగ్గించుకోవాలి. తూకం వేసి చూస్తే మంచిది. చాలా రాష్ట్రాల్లో జింక వేటకి విల్లు బలం ఇంత ఉండాలని హద్దులున్నాయి, ఎక్కువగా 40 పౌండ్లలోపే. అందుకే 40, 45, 50 పౌండ్ల విల్లులకి గిరాకీ. అరవై దాటిన విల్లు ఎంత కొత్తగా ఉన్నా లాగేవాళ్ళు తక్కువ, వెలా తక్కువే. ఎడమచేతి వాటం విల్లులు తక్కువగా చేశారు. దొరికితే ఆ వాటం ఉన్నవాళ్ళు ఎక్కువే ఇస్తారు. ఫ్రెడ్ బేర్ కూడా ఎడమచేత్తోనే నారి లాగేవాడు.

లింబు మీద కనిపించే 1953 అనే అంకె దగ్గర చాలామంది పడిపోతారు. అది కెనడా పేటెంట్ సంవత్సరం, విల్లు పుట్టిన ఏడాది కాదు. ఎన్నో ఏళ్ళ పాటు వచ్చిన విల్లుల మీద అదే అంకె ఉంది. ఏడాది పట్టుకోవాలంటే పిడి పైన పొదిగిన గుండ్రటి బిళ్ళ చూడాలి. 1959లో రాగి బిళ్ళ. ఆ తర్వాత వేరే లోహాలు వచ్చినా 1972 వరకూ బిళ్ళని చెక్కతో సమానంగా పొదిగారు. వేలితో తడిమితే అంచు తగలదు. తర్వాత ప్లాస్టిక్ బిళ్ళ వచ్చింది, చెక్క పైకి ఉబ్బి ఉంటుంది. వెల కట్టేటప్పుడు అది పెద్ద తేడా కాకపోవచ్చు గానీ, ఈ ఒక్క మార్పులోనే కంపెనీ కథంతా నాకు కనిపిస్తుంది. 1967లో 60 అంగుళాల సూపర్ కోడియాక్ వచ్చింది. 1968లో కంపెనీ విక్టర్ కాంప్టోమీటర్ అనే పెద్ద సంస్థ చేతిలోకి వెళ్ళింది. 1969 చివర్లో మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్‌కి కాంపౌండ్ విల్లు పేటెంట్ దొరికింది. కప్పీలున్న ఆ విల్లు పదేళ్ళలో వేటగాళ్ళలో చాలామందిని తనవైపు తిప్పుకుంది. 1978లో ఫ్యాక్టరీ గ్రేలింగ్ నుంచి ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కి పోయింది. కాబట్టి విల్లు మీద గ్రేలింగ్ అని ఉంటే ఒక లెక్క, గెయిన్స్‌విల్ అని ఉంటే ఒక లెక్క. గెయిన్స్‌విల్ విల్లు చెడ్డది కాదు. సేకరించేవాళ్ళు మాత్రం గ్రేలింగ్ పేరుకి ఎక్కువిస్తారు.

కాంపౌండ్ ఇంకో పని కూడా చేసింది. మంచి రికర్వులని అటకెక్కించింది. ఎండాకాలం అటక మీద వేడి జిగురుకి శత్రువు, గోడకి ఆనించి నిలబెడితే లింబుకి మెలిక. అటక మీద పడున్న విల్లు చూడటానికి కొత్తగా ఉండొచ్చు, లోపల వదిలి ఉండొచ్చు. ఏటా వేటకి పోయి, గీతలు పడి, చెమటకి పిడి నల్లబడ్డ విల్లు లోపల గట్టిగా ఉండొచ్చు. రెంటిలో ఒకటి తీసుకోమంటే నేను రెండోదే తీసుకుంటాను.

సేకరించేవాళ్ళకీ, వాడేవాళ్ళకీ వెల ఒకటి కాదు. గురి చూసే పిన్ను బిగించడానికి, అమ్ముల పొది తగిలించడానికి రైజర్‌లో ఎవరో తొలిచిన చిల్లులుంటే సేకరించేవాడు మొహం తిప్పుకుంటాడు. వాడేవాడికి అది మైనపు ముద్దతో తీరిపోయే పని. పాత వార్నిష్ గీకి కొత్తది పూసిన విల్లు మెరుస్తుంది, కానీ ఆ గీకుడులో అచ్చు అక్షరాలూ, పరుగెత్తే ఎలుగుబంటి బొమ్మా పోతాయి. దాంతో సగం వెలా పోయినట్టే. కొనేవాళ్ళకి ఇది విచిత్రంగా అనిపిస్తుంది గానీ, మురికి పట్టిన అసలు పూత కొత్త మెరుపు కంటే విలువైనది.

అంకెలు కావాలంటే ఉజ్జాయింపుగా ఇవి. 1970ల గ్రిజ్లీ, కోడియాక్ హంటర్ లాంటి మామూలు బేర్ విల్లులు మంచి స్థితిలో వంద నుంచి రెండు వందల యాభై డాలర్ల మధ్య చేతులు మారుతుంటాయి. సూపర్ కోడియాక్ దానిపైన. రాగి బిళ్ళ ఉన్న 1959 కోడియాక్, చిల్లులు లేకుండా, అసలు పూతతో, 45 పౌండ్ల చుట్టుపక్కల దొరికితే అనేక వందలు. 1970లో వచ్చిన, లింబులు ఊడదీసి పట్టుకుపోగలిగే టేక్‌డౌన్ విల్లు, గ్రేలింగ్‌లో చేసినదైతే వెయ్యి దాటుతుంది. దాని లింబులకి పనిముట్టు అక్కర్లేదు, మడతపెట్టే గొళ్ళెంతో బిగుస్తాయి. ఆ గొళ్ళెం పనితనం మీద విడిగా ఓ వ్యాసం రాయొచ్చు.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేరం, కనుక ఈ విల్లులకి ఇక్కడ బజారు లేదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళలో మాత్రం గురి కొట్టడం నేర్చుకుంటున్నవాళ్ళు కనిపిస్తున్నారు. విజయవాడ బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్‌లో పట్టింది రికర్వే. అయితే అతని విల్లులో లోహపు రైజర్, బరువు కడ్డీలు, గురి పిన్ను ఉంటాయి. కోడియాక్‌లో అవేవీ ఉండవు. కన్ను, వేలు, చెక్క, అంతే.

కొనదలిస్తే ఒక మాట. అమ్మేవాడు దూరంలో ఉంటే ఎక్కుపెట్టిన విల్లుని కొప్పు కిందినుంచి తీసిన ఫొటో, లింబు అంచుల దగ్గరి ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలెయ్యండి. విల్లుతో పాటు వచ్చే పాత నారి పారేసి డాక్రాన్ నారి వేయించండి. ఇప్పటి సాగని నారలు వేగం కోసం బాగుంటాయి గానీ, 1960ల కొప్పులు ఆ దెబ్బకి తయారైనవి కావు. స్ట్రింగర్ కొనుక్కోండి. వాడనప్పుడు విల్లుని రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. ఇక నా తీర్పు అడిగితే, మొదటి విల్లుకి పేరున్న కోడియాక్ కోసం వందలు పొయ్యకండి. అదే ఫ్యాక్టరీలో, అదే జిగురుతో, అదే చేతులు చేసిన 1960ల గ్రిజ్లీ, 45 పౌండ్లది, చిల్లులున్నా సరే, నేరుగా ఉంటే రెండు వందల డాలర్లకి అది కోడియాక్ ఇచ్చేదాంట్లో తొంభై పాళ్ళు ఇస్తుంది.